ఊరు: ఐర్లండ్

బోస్టన్‌లో మా క్లయింటు దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా డేటాబేసులతోనే కాపురం, ఇంకో రెండేళ్ళలో రిటైరైపోతాడు. మనిషి మితభాషి. ప్రొడక్షన్ సర్వర్ పడిపోయి అందరూ ఫోన్లలో అరుచుకుంటుంటే, తను మాత్రం టీ తాగుతూ లాగ్ ఫైలు చదువుకునే రకం. అలాంటాయన పోయిన చలికాలంలో ఒకరోజు లంచ్ టైముకి లాప్‌టాప్ పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నీ పని డూప్లికేట్ రికార్డులు పట్టుకోవడమే కదా. ఈ ఇద్దరూ ఒకడేనా కాదా చూసి చెప్పు" అన్నాడు.

నా పని అదే మరి. ఒకే కస్టమరు మూడు స్పెల్లింగులతో, నాలుగు అడ్రసులతో ఉంటే, వాళ్ళందర్నీ కలిపి ఒకణ్ణి చెయ్యడం. చెప్పుకోడానికి గొప్పగా ఉండదు గానీ అన్నం పెడుతోంది. అయితే ఈయన చూపించిన ఇద్దరూ కస్టమర్లు కారు. ఒకడు 1830లో ఐర్లండులోని కార్క్ కౌంటీలో, ఒక పల్లెటూరి చర్చిలో బాప్తిస్మం పొందిన పిల్లాడు. రెండోవాడు 1850ల్లో బోస్టన్‌లో పెళ్ళి చేసుకున్న ఒక కూలీ. ఇద్దరి పేరూ, ఇంటిపేరూ ఒకటే. ఆ కూలీ మా పెద్దాయనకి అమ్మ తరఫున తాతగారి తాత.

వాళ్ళింట్లో ఈ విషయం ఎప్పుడో తేలిపోయిందిట. 1990ల్లో వాళ్ళమ్మగారు ఆ పల్లెకి వెళ్ళి, పైకప్పు లేని ఒక రాతి ఇంటి ముందు ఫోటో దిగి, గోడలోంచి ఊడిన చిన్న రాయి ఒకటి తెచ్చుకున్నారు. అది ఇప్పటికీ వాళ్ళ హాల్లో పొయ్యి మీది అరలో ఉంది. ఆవిడకి ఇప్పుడు తొంభై దగ్గర పడుతోంది. ఈయన చేసిందల్లా, ఆ కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఒక కాలమ్ దగ్గర ఆగిపోవడం.

ఆ కాలమ్ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ ఊరి పేరు కనుక్కోవడమే ఎంత పెద్ద పనో చెప్పాలి. ఒక్కరోజులో తేల్చేద్దామని కూర్చున్నవాణ్ణి, మూడు నెలల వీకెండ్లు ఇందులోనే పోయాయి.

నేపథ్యం చాలామందికి తెలిసే ఉంటుంది. 1845లో ఐర్లండులో బంగాళాదుంపకి తెగులు పట్టింది. పేదవాడి తిండి మొత్తం ఆ ఒక్క దుంప మీదే ఆధారపడి ఉండేది. పంట వరసగా పోతూ 1852 దాకా కరువు సాగింది, అదే సమయంలో అక్కణ్ణుంచి ధాన్యం ఓడలకెక్కి ఇంగ్లండు పోతూనే ఉంది. సుమారు పది లక్షలమంది ఆకలికీ, జ్వరాలకీ చనిపోయారు. 1845 నుంచి 1855 దాకా పదేళ్ళలో ఇరవై లక్షలకి పైగా జనం దేశం విడిచిపోయారు. 1841 లెక్కల్లో 81 లక్షల 75 వేలున్న జనాభా 1851కి 65 లక్షల చిల్లరకి దిగింది. ఇవాళ్టికీ ఆ ద్వీపం మొత్తం కలిపి చూసినా 1841 సంఖ్యని అందుకోలేదు.

అప్పుడు పోయినవాళ్ళలో ఎక్కువమంది ముందు లివర్‌పూల్ చేరి అక్కడ అమెరికా ఓడ ఎక్కారు. ఓడ ఎక్కేటప్పుడు ఎవరెక్కారో రాసి భద్రంగా దాచే ఏర్పాటు బ్రిటిషువాళ్ళకి లేదు. వాళ్ళ వైపు ప్రయాణికుల జాబితాలు మిగిలింది 1890 నుంచే. అమెరికా మాత్రం 1820 నుంచి దిగినవాళ్ళ జాబితాలు తీసుకుంది. పేరు, వయసు, ఆడా మగా, వృత్తి, దేశం. అంతే. ఊరన్న కాలమే లేదు. పేజీ మొత్తం పైనించి కింద దాకా "ఐర్లండ్, ఐర్లండ్" అని ఉంటుంది. గుమాస్తాకి విసుగొచ్చిన చోట పైన ఒకసారి రాసి కింద డిట్టో చుక్కలు పెట్టేశాడు.

ఐర్లండు చిన్న దేశమే కదా, అందులో వెతుక్కోవచ్చు కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అక్కడ ఊరి లెక్క టౌన్‌ల్యాండ్ అనే దాంతో మొదలవుతుంది. పేరుకి టౌను గానీ, నిజానికి మన పాలెం, గూడెం లాంటిది. కొన్నిట్లో పది ఇళ్ళుంటాయి, కొన్నిట్లో ఒక్కటీ ఉండదు. అలాంటివి అరవై వేలకి పైనే ఉన్నాయి. ఒకే పేరుతో పదులకొద్దీ ఉంటాయి, మనకి కొత్తపల్లి ఉన్నట్టు. ఆ అరవై వేలలో ఏదో తెలిస్తే గానీ ఏ చర్చి రిజిస్టరు తియ్యాలో తెలీదు. రిజిస్టరు తియ్యకపోతే మనిషి లేడు.

సరే, దేశం మొత్తం మీద జనాభా లెక్కల్లో వెతికేద్దాం అనుకున్నాను. ప్రోగ్రామరు బుద్ధి కదా, మాస్టర్ టేబుల్ ఉంటుందనే అనుకుంటాం. ఉండేది. 1821 నుంచి పదేళ్ళకోసారి, ఇంటింటికీ తిరిగి పేర్లతో సహా రాసిన పుస్తకాలు డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల పక్కనున్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో ఉండేవి. 1922లో అంతర్యుద్ధం వచ్చింది. బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందాన్ని ఒప్పుకోనివాళ్ళు ఫోర్ కోర్ట్స్‌ని ఆక్రమించుకున్నారు, కొత్త ప్రభుత్వ సైన్యం జూన్ 28న ఫిరంగులు పెట్టింది. జూన్ 30న రికార్డ్ ఆఫీసు పేలి తగలబడింది. తప్పెవరిదన్న దాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి. ఏడు వందల ఏళ్ళ కాగితాలు. కాలిన ముక్కలు నగరమంతా గాలికి ఎగిరాయిట. 1821, 31, 41, 51 లెక్కలు, కొన్ని ముక్కలు తప్ప, అన్నీ పోయాయి. ప్రొటెస్టెంటు చర్చి రిజిస్టర్లలో సగానికి పైగా అందులోనే పోయాయి.

అయితే నాకు అంతకంటే కోపం తెప్పించింది మంట కాదు. 1861, 1871 లెక్కల్ని ప్రభుత్వమే పని అయిపోయిందని ఆర్డరు వేసి మరీ నాశనం చేసింది. 1881, 1891 లెక్కల్ని మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గుజ్జు చేసేశారు. అంటే యుద్ధం సగమే తినింది, మిగతా సగం ఎవడో ఆఫీసరు సంతకంతో పోయింది. స్టోరేజీ ఖర్చు తగ్గిద్దామని బ్యాకప్పులు డిలీట్ చేయించే మేనేజర్లు ప్రతి కాలంలోనూ ఉంటారు. ఆ మంటకి ముందువాటిలో పూర్తిగా దొరికే లెక్కలు 1901, 1911వి. రెండూ ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉచితంగా ఉన్నాయి. 1926 లెక్కలకి నూరేళ్ళ తాళం గడువు 2026 ఏప్రిల్ దాకా.

ఇంతకీ మాస్టర్ టేబుల్ కాలిపోయాక ఏం మిగిలిందని చూస్తే, ఆశ్చర్యమేంటంటే, మనుషుల్ని గుర్తుపెట్టుకోవాలని రాసినవేవీ పెద్దగా మిగల్లేదు. డబ్బు కోసం రాసినవి మిగిలాయి. 1847 నుంచి 1864 దాకా రిచర్డ్ గ్రిఫిత్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో దేశంలోని ప్రతి పొలానికీ, ఇంటికీ విలువ కట్టారు. పేదల సహాయానికి వేసే పన్ను ఎవరి దగ్గర ఎంత వసూలు చెయ్యాలో తేల్చడానికి. దాన్ని గ్రిఫిత్స్ వాల్యుయేషన్ అంటారు. ఇందులో పొలం చేస్తున్నవాడి పేరు, భూస్వామి పేరు, విస్తీర్ణం, విలువ ఉంటాయి. పెళ్ళాం పిల్లల ఊసే ఉండదు. అయినా పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఎవరెక్కడ ఉన్నారో చెప్పడానికి అదే గతి. తర్వాత పొలం ఎవరి చేతికి మారిందో రాసుకున్న పుస్తకాలూ ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది మాత్రం పింఛను కాగితాలు. 1908లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. డెబ్బై ఏళ్ళు నిండితే వారానికి కొన్ని షిల్లింగులు. కానీ ఐర్లండులో అందరి పుట్టుకలూ రిజిస్టరు చెయ్యడం మొదలైందే 1864లో. డెబ్బై ఏళ్ళవాడికి సర్టిఫికెట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని, "1851 లెక్కల్లో మా ఇల్లు చూడండి, నేను పసిపిల్లగా ఉంటాను" అని అర్జీ పెట్టుకునేవాళ్ళు. దాంట్లో అమ్మానాన్నల పేర్లు, ఊరు, ఇల్లు రాయాలి. గుమాస్తా వెళ్ళి 1841, 1851 పుస్తకాలు తీసి, దొరికింది ఆ ఫారం మీదే రాసి పంపేవాడు. ఆ తర్వాత పుస్తకాలు కాలిపోయాయి. ఫారాలు మిగిలాయి! డేటాబేస్ పోయి క్వెరీ లాగ్ మిగిలిందన్నమాట. అదృష్టం బావుంటే, అమెరికా వెళ్ళిపోయిన అన్న పేరు కూడా ఊళ్ళో ఉండిపోయిన చెల్లెలి పింఛను ఫారంలో దొరుకుతుంది. ఇది చెప్పినప్పుడు మా పెద్దాయన అన్నమాట, "అందుకే నేను లాగులు డిలీట్ చెయ్యనివ్వను."

(ఈ పింఛను పుణ్యమా అని ఇంకో వింత. 1901 నుంచి 1911కి పదేళ్ళే గడిచినా, బోలెడంతమందికి పద్నాలుగు, పదిహేనేళ్ళు వయసు పెరిగింది. మన రేషన్ కార్డుల్లో వయసులు చూసినవాళ్ళకి వింతేం కాదనుకోండి.)

అమెరికా వైపు కూడా ఇలాంటి చెల్లాచెదురు కాగితాలే. న్యూయార్క్‌లో 1850లో ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు అని పెట్టారు, ఎక్కువగా ఐరిష్ వలసదారుల కోసం. ఖాతాదారుల్లో ఎంతమందికి సంతకం వచ్చు? అందరివీ అవే పది పేర్లు. వాడి డబ్బు వీడు తీసుకుపోకుండా బ్యాంకువాళ్ళు టెస్ట్ బుక్ అని ఒకటి పెట్టుకున్నారు. ఖాతా తెరిచేటప్పుడు, మీదే ఊరు, ఏ ఓడలో వచ్చారు, అమ్మ పేరేంటి, అన్నదమ్ములెందరు, వాళ్ళెక్కడున్నారు అని అడిగి రాసుకునేవాళ్ళు. డబ్బు తీసుకోడానికి వస్తే అందులోంచి ప్రశ్నలేసేవాళ్ళు. అక్షరాలా మన సెక్యూరిటీ క్వశ్చన్స్. ఓడ జాబితాలో "ఐర్లండ్" అని ఒక్క ముక్కగా మిగిలిన మనిషి ఇక్కడ ఊరితో, తోబుట్టువులతో సహా దొరుకుతాడు.

బోస్టన్‌లో అయితే పైలట్ అనే కాథలిక్ పత్రిక ఉంది. అందులో 1831 నుంచి 1921 దాకా తప్పిపోయినవాళ్ళ కోసం ప్రకటనలు వేసేవాళ్ళు. నలభై వేలకి పైగా. బోస్టన్ కాలేజీవాళ్ళు వాటన్నిటినీ సెర్చ్ చేసుకునేలా పెట్టారు. డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటనలు కదా, మనిషి దొరకాలంటే ఊరు, పేట, కౌంటీ, ఆఖరిసారి ఎక్కడ రైలు కట్ట పనిలో చూశారో అన్నీ రాయాల్సిందే. ఒక రాత్రి వాటిల్లో పడి రెండింటిదాకా చదివాను. మొగుడు ముందొచ్చాడు, పెళ్ళాం పిల్లలతో వెనకాల దిగింది, రేవులో అతను లేడు. తమ్ముడు కాలవ తవ్వకానికి పోయి ఆరేళ్ళు. ఇలాంటివే, ఒకదాని తర్వాత ఒకటి. వాళ్ళు దొరికారో లేదో పత్రికలో ఉండదు.

ఇక పేర్లు. మనవాళ్ళందరికీ ఎస్‌క్యూఎల్‌లో సౌండెక్స్ అనే ఫంక్షన్ తెలుసు. స్పెల్లింగు తేడాగా ఉన్నా ఒకేలా పలికే పేర్లకి ఒకే కోడు ఇస్తుంది. 1918లో రాబర్ట్ రసెల్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు, 1930ల్లో అమెరికా జనాభా లెక్కలకి సూచికలు తయారుచేసింది దాంతోనే. నేను గొప్పగా అది వేసి చూపించాను. సలివన్‌కి ఎస్-415 వచ్చింది. అదే మనిషి ఐర్లండు పుస్తకంలో ఓసలివన్ అని ఉంటే ఓ-241. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచేస్తుంది కాబట్టి, రెండూ జన్మలో కలవవు. ఈ ముందుండే "ఓ" అంటే మనవడు, "మాక్" అంటే కొడుకు. ఇంగ్లీషు పెత్తనం రోజుల్లో చాలామంది వాటిని వదిలేశారు, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఐరిష్ భాషాభిమానం పెరిగాక కొంతమంది మళ్ళీ తగిలించుకున్నారు. అంతకంటే ఘోరం, పేర్లని అనువాదం చేసేసుకోవడం. గవ అంటే ఐరిష్‌లో కమ్మరి. మాక్ గవన్లు కొందరు మెగవన్లయ్యారు, కొందరు ఏకంగా స్మిత్ అయిపోయారు. ఏ అల్గారిదం పట్టుకుంటుంది దీన్ని?

మనకి దగ్గరగా తోచిన విషయం ఒకటుంది. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం అక్కడ రివాజు. తాత పేరు మనవడికి. దాంతో ఒకే ఊళ్ళో, ఒకే తాతకి పుట్టిన అన్నదమ్ముల పిల్లలు నలుగురు, అందరూ ఒకే పేరుతో, రెండు మూడేళ్ళ తేడాలో పుట్టి ఉంటారు. పేరు, ఇంటిపేరు, పుట్టిన ఏడు కలిశాయి కదా అని మెర్జ్ కొట్టేస్తే అంతే సంగతులు.

ఇక్కడో పిట్టకథ. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది, చెరుకు తోటల్లో పనికి కుదిర్చిన కూలీలతో. అందులోనూ, తర్వాత వచ్చిన ఓడల్లోనూ తెలుగువాళ్ళున్నారు. ఆ జాబితాల్లో మనిషికో నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. పారిపోతే పట్టుకోడానికి, ఒప్పందం తీరితే లెక్క చూసుకోడానికి రాసుకున్నవి. దక్షిణాఫ్రికాలో ఉన్న తెలుగువాళ్ళు ఇవాళ ఆ నంబరు పట్టుకుని ఊరు వెతుక్కుంటున్నారు. టిక్కెట్టు కొనుక్కుని బోస్టన్‌లో దిగిన ఐరిష్‌వాడికి ఊరు రాయలేదు, వెట్టి ఒప్పందం మీద వెళ్ళిన మనవాడికి రాశారు. దీనికి సంతోషించాలో ఏడవాలో నాకు తెలీలేదు.

ఇప్పుడు ఆ కాలమ్ సంగతి. కాథలిక్ చర్చి రిజిస్టర్లు చర్చిల్లోనే ఉండిపోవడం వల్ల 1922 మంటల్లో పడలేదు. ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ 2015 జులైలో వాటి మైక్రోఫిల్ముల్ని ఉచితంగా ఆన్‌లైన్లో పెట్టింది, మూడు లక్షల డెబ్బై వేల పైచిలుకు ఇమేజీలు. వాటిలో తల్లి పుట్టింటి పేరు రాస్తారు. ఇటు మసాచుసెట్స్‌లో 1841 నుంచీ పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ ఉంది, అందులో పెళ్ళికొడుకు అమ్మానాన్నల పేర్లుంటాయి. మా పెద్దాయన తాతగారి తాత పెళ్ళి రికార్డులో తల్లి పేరు ఒకటి. ఆ పల్లెలో బాప్తిస్మం పొందిన పిల్లాడి తల్లి పేరు ఇంకొకటి. ముద్దుపేరూ అసలు పేరూ తేడా కాదు, బొత్తిగా వేరే.

"గుమాస్తా తప్పు రాశాడని మా అమ్మ అప్పుడే అనుకుంది" అన్నాడు. నేను ప్రతివారం ఆఫీసులో వినే మాటే ఇది. రెండు రికార్డులు కలపాలని మనసులో పడ్డాక, కలవని ఫీల్డుదే తప్పవుతుంది. నేను ఉల్టాగా వెతికాను. వీడే వాడు అని నిరూపించడం మానేసి, ఆ పల్లెలో పిల్లాడు తర్వాత ఏమయ్యాడో చూద్దామని. గ్రిఫిత్ పుస్తకంలో తండ్రి పేరు మీద తొమ్మిదెకరాలు. మార్పుల పుస్తకంలో అవి కొడుకు పేరు మీదకి మారాయి. 1901 లెక్కల్లో అదే టౌన్‌ల్యాండులో అదే పేరుతో ఒక ముసలాయన, వయసు 68, వ్యవసాయం, చదువు రాదు, ఐరిష్ ఇంగ్లీషు రెండూ వచ్చు. 1911లో 81. భార్య వరసలో, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అన్న కాలమ్‌లో తొమ్మిది, నాలుగు అని ఉంది.

అంటే ఆయన అసలు ఓడే ఎక్కలేదు.

పెద్దాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. నాకేం చెప్పాలో తెలీక అన్నీ మూర్ కథ చెప్పాను. 1892 జనవరి 1న ఎల్లిస్ ఐలండ్ తెరిచినప్పుడు మొట్టమొదట దిగిన కార్క్ అమ్మాయి, ఇద్దరు తమ్ముళ్ళతో వచ్చింది. అక్కడా, ఆమె ఓడ ఎక్కిన కోవ్ రేవులోనూ విగ్రహాలున్నాయి. ఆవిడ పెద్దయ్యాక టెక్సస్ వెళ్ళిపోయిందనీ, 1923లో అక్కడ వీధి ట్రాము గుద్ది పోయిందనీ దశాబ్దాలపాటు పుస్తకాల్లో రాశారు. ఆ టెక్సస్ కుటుంబాన్ని సభలకి పిలిచి గౌరవించారు కూడా. మెగన్ స్మొలెన్యాక్ అనే వంశచరిత్రకారిణి లెక్కలు తీసి చూస్తే, ఆ టెక్సస్ అన్నీ పుట్టిందే అమెరికాలో, ఇల్లినాయ్‌లో. 2006లో ఆవిడ తన బ్లాగులో వెయ్యి డాలర్ల బహుమతి ప్రకటిస్తే కొద్ది వారాల్లో అసలు అన్నీ దొరికింది. మన్‌హాటన్ దాటి పోలేదు. బేకరీవాడి కొడుకునొకణ్ణి చేసుకుని, పదకొండుమందిని కంటే ఐదుగురు బతికారు, తను 1924లో పోయింది. క్వీన్స్‌లోని కాల్వరీ శ్మశానంలో సమాధికి రాయి కూడా లేదు. 2008లో పెట్టారు.

"ఆ టెక్సస్‌వాళ్ళకి ఎవరు చెప్పి ఉంటారో" అన్నాడాయన. అంతే, లేచి వెళ్ళిపోయాడు.

రెండు వారాల తర్వాత అమ్మకి చెప్పేశానన్నాడు. ఆవిడ కాసేపు ఊరుకుని, "మరి ఆ రాయి ఎవరింటిది" అని అడిగిందిట. వాళ్ళింట్లో రాయి అక్కడే ఉంది. ఇప్పుడు ఈయన పెళ్ళి రికార్డులో ఉన్న తల్లి పేరు పట్టుకుని కార్క్ కౌంటీ రిజిస్టర్లు ఒక్కోటీ చదువుతున్నాడు, లాటిన్‌లో, పురుగులు పాకినట్టున్న చేతిరాతలో. ముగ్గురు దొరికారు, ముగ్గురికీ ఆ పేరే. ఈసారి ఎవర్నీ కలపలేదు.

మిగిలిన గొడవ ఇంకోటుంది. పదేళ్ళ క్రితం ఆయన తన వంశవృక్షాన్ని ఒక సైటులో పెట్టాడు. దాన్ని చూసి పాతికమందికి పైగా, దూరపు చుట్టాలు, ఆ పల్లెనీ ఆ తొమ్మిదెకరాల ముసలాయన్నీ తమ చెట్లలోకి కాపీ కొట్టుకున్నారు. ఈయన తన చెట్టులోంచి తీసేసినా, సైటు మాత్రం "మీ పూర్వీకుడు దొరికాడు, కలపమంటారా" అని వారం వారం అడుగుతోంది, వాళ్ళ చెట్లనే సాక్ష్యంగా చూపించి. ఒక్కొక్కరికీ మెయిల్ రాశాడు. ఇద్దరే జవాబిచ్చారు. ఒకావిడ థాంక్స్ చెప్పింది. రెండో ఆయన, మా నాన్న పోయినేడే ఆ ఊరెళ్ళి గుడిలో కొవ్వొత్తి వెలిగించి వచ్చాడు, ఇప్పుడు నేను మార్చను, అని రాశాడుట.